ఆకుపచ్చ మీద ఎరుపు

"మేడం, మీ కాలంల మౌసు గూడ లేకుండెనట గదా, పని ఎట్ల చేసిండ్రు?" అని మా గల్లీ పిల్లలు అడుగుతుంటారు. చేశాం నాయనా, భేషుగ్గా చేశాం. మౌసు లేకపోతే ఏం కొంప మునగలేదు. ఆ రోజుల్లో నా దగ్గర లేకుండా పోయింది ఇంకొకటి ఉంది, దాని సంగతి ఎవరూ అడగరు. రిటైరై ఇన్నేళ్లయింది, ఇంకా కడుపులో పెట్టుకుని ఏం చేసుకుంటాను? మీరు ఇవాళ తెరకు నచ్చిన రంగు వేసుకుంటారు, నచ్చిన కీకి నచ్చిన పని అప్పజెప్పుకుంటారు. తప్పేం లేదు. నేనూ చేశాను. ఆ రంగుల పుణ్యమా అని నలభై గుడిసెల నోటికాడి నీళ్లు పోబోయాయి.

ఎనభైల మధ్యలో పాలమూరులో, అంటే మీరనే మహబూబ్‌నగర్‌లో, ఊళ్లకు తాగునీటి పనులు చూసే ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. అప్పటికే అక్కడ ఒక పెద్ద టైపిస్టు ఉన్నాడు. ఆయన్ని అందరూ సాబ్ అనేవాళ్లు, ఆఫీసర్లతో సహా. తెల్లటి లాల్చీ, చెవి వెనక పెన్సిలు, మడత నలగని చేతిరుమాలు. ఆయన టైపు కొడుతుంటే వరండాలో కూర్చున్న జనం మాటలాపి వినేవాళ్లు. పేజీ తీస్తే ఒక్క దిద్దుబాటు కనిపించేది కాదు. "కాగితం మీద గాని, నా మీద గాని ఇప్పటిదాక ఒక్క మరక లేదు బేటీ" అనేవాడు. అది గొప్పలు పోవడం కాదు. ఆయన సర్వీసులో ఒక్క మెమో లేదు, అది ఆఫీసంతా ఎరిగిన మాట.

నాకు పని నేర్పింది ఆయనే. కాలేజీలో నేర్చుకున్న టైపు వేరు, ఆఫీసులో కొట్టే టైపు వేరు. మొదటి రోజే చెప్పాడు: "కొట్టేముందు స్పేస్ బార్ రెండుసార్లు తట్టాలె. కాగితం మోసే బండి కదుల్తదా లేదా తెలుస్తది. కదలని బండి మీద కొడితే అక్షరాల మీద అక్షరాలు కూసుంటయి." ఆయన ప్రతి పేజీ మొదట్లో, ప్రతి దిద్దుబాటు తర్వాత, చివరికి ఎవరైనా పలకరించి వెళ్లాక కూడా రెండుసార్లు తట్టేవాడు. పాతకాలపు టైపిస్టులకు అది ఊపిరి పీల్చుకున్నట్టే. టైపు మిషను మీద స్పేస్ కొడితే పోయేది ఏమీ లేదు కదా.

రెండో ఏడో మూడో ఏడో ఒక సంగతి గమనించాను. ఫైళ్ల మీద ఆఫీసర్ ఆకుపచ్చ సిరాతో రాసేవాడు, సూపరింటెండెంటు ఎర్ర సిరాతో గీతలు పెట్టేవాడు. సాబ్ మాత్రం ప్రతి ఫైలూ నా ముందు పెట్టి "జర సూడు, ఇది ఎవరి సిరా?" అని అడిగేవాడు. ఒకరోజు నవ్వులాటకు, "సాబ్, మీకు అద్దాలు గావాలె" అన్నాను. ఆయన నవ్వలేదు. తలుపు దిక్కు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అద్దాలతోని పోయేది గాదు బేటీ. ఎరుపు, పచ్చ నాకు ఒక్కటే. పండు మిర్చి, పచ్చి మిర్చి పక్కపక్కన పెడితే ఏదేదో తెల్వది. నౌకరిల చేరినప్పుడు దవాఖానల ఎవ్వరు అడగలె, నేను చెప్పలె. ఇంట్ల తప్ప ఎవ్వరికి తెల్వది. నీకు చెప్పిన, నీ తాననే ఉండనియ్యి."

ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. చెప్పలేదు కూడా. చెప్పి ఉంటేనే బాగుండేదేమో, కనీసం నన్ను నమ్మకుండా ఆయన జాగ్రత్తపడేవాడు.

తొంభైల మధ్యలో మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. దానికో గది, గదికి పరదా, చెప్పులు బయట విడిచి రావాలని తలుపు మీద కాగితం. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టారు. హైదరాబాదు నుంచి నెలకొకసారి ఒక యువ ఇంజనీరు వచ్చి నేర్పేవాడు. సాబ్‌కు రిటైర్మెంటు దగ్గరపడిందని నన్ను కూర్చోబెట్టారు. అప్పటిదాకా పదేళ్లు నేను "చిన్న టైపిస్టు"ను. ఏ అర్జెంటు కాగితం వచ్చినా ఆఫీసర్ గదిలోంచి "సాబ్‌ను పిలువుండ్రి" అనే మాటే వినిపించేది. కంప్యూటరు వచ్చిన వారానికి "మేడంను పిలువుండ్రి" అన్నారు. ఆ మాట విన్న రోజు మధ్యాహ్నం నాకు అన్నం కూడా సయించలేదు, అంత సంతోషం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. ఆఫీసు మూసినా నేను ఆ గదిలోంచి కదిలేదాన్ని కాదు.

నెల తిరక్కుండానే ఆఫీసర్ ఇంకో మాటన్నాడు. "సాబ్ గూడ నేర్చుకోవాలె. మీరు సెలవు పెడితే పని ఆగొద్దు." న్యాయమైన మాటే. నాకు మాత్రం నచ్చలేదు. ఎందుకో దాచకుండా చెప్తున్నాను. ఆయన వేళ్ల వేగం నాకు తెలుసు. కీబోర్డు అలవాటైతే నెలలో నన్ను దాటిపోతాడు. మళ్లీ "సాబ్‌ను పిలువుండ్రి" అంటారు. ఇంతకాలానికి దొరికిన కుర్చీ మళ్లీ పోతుంది.

ఆ నెల ఇంజనీరు వచ్చినప్పుడు ఎడిటర్‌లో సెట్టింగుల పేజీ చూపించాడు. మేం లిస్టులు, ఉత్తరాలు అన్నీ కొట్టే ప్రోగ్రామే ఆ ఎడిటర్. ఏ కీ ఏ పని చేయాలో, తెర ఏ రంగులో ఉండాలో, బ్లాక్ చేసిన భాగం ఏ రంగులో కనిపించాలో అన్నీ మార్చుకోవచ్చు. బ్లాక్ చేయడమంటే చెరపడానికో, వేరేచోట పెట్టడానికో కొంత రాతను పట్టుకోవడం. అట్లా పట్టుకున్నప్పుడు ఏ కీ కొట్టినా, పట్టుకున్నది పోయి కొట్టింది వచ్చి కూర్చుంటుంది. మొదట మా తెర నీలం, బ్లాక్ చేసింది తెల్లటి పట్టీలా కనిపించేది. గుడ్డివాడికి కూడా కనిపించేంత స్పష్టంగా.

ముందు కీలు మార్చాను. ఊళ్ల లిస్టులు మండలాల వారీగా ఉండేవి కాబట్టి, వరుస చివరికి తీసుకుపోయే ఎండ్ కీకి కొత్త పని అప్పజెప్పాను. దాన్ని నొక్కితే కింది వరుస నుంచి ఆ మండలం చివరిదాకా మొత్తం బ్లాక్ అవుతుంది. ఇంకో కీ నొక్కితే ప్రింటులో వరుస నంబర్లు వాటంతటవే పడతాయి. నా పని సగం తగ్గింది. ఇంతవరకు తెలివే. తర్వాత రంగులు మొదలుపెట్టాను. తెరను ముదురు ఆకుపచ్చ చేశాను, అక్షరాలు తెలుపు. కళ్లకు హాయిగా ఉంది. బ్లాక్ పట్టీకి రంగు ఎంచుకోవాలి. తెలుపు, పసుపు, నీలం చూశాను. ముదురు ఎరుపు దగ్గర నా చెయ్యి ఆగింది.

అప్పుడు నాకు సాబ్ గుర్తొచ్చాడు. గుర్తుకు రాలేదని చెప్తే మీరు నమ్ముతారు, నేనే నమ్మలేను. గుర్తొచ్చాక కూడా ఎరుపే పెట్టాను.

"గిట్ల పెడితే కండ్లు గుంజుతయి మేడం" అన్నాడు ఇంజనీరు.

"నా కండ్లే గదా" అన్నాను.

మర్నాడు సాబ్ వచ్చి కూర్చున్నాడు. స్పేస్ బార్ రెండుసార్లు తట్టి, ఒక వరుస బ్లాక్ చేయబోయాడు. తెరకు దగ్గరగా వంగాడు, వెనక్కి జరిగాడు, రుమాలుతో చత్వారపు అద్దాలు తుడుచుకున్నాడు.

"బేటీ, పట్టుకున్న జాగ కనవడ్తలేదు. మొన్నటిదాక తెల్ల పట్టీ వస్తుండె గదా?"

"కొత్త పద్ధతి సాబ్. అలవాటయితది" అన్నాను, ఆయన ముఖంలోకి చూడకుండా.

ఆయన లేచి, వరండాలో తన పాత మిషను దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆఫీసర్ బలవంతం చేస్తే తప్ప గదిలోకి రాలేదు. మా అటెండరుకు నోటి దురుసు ఎక్కువ. "మేడం తన మిషన్‌కు తాళం ఏసుకుంది, తాళంచెవి కండ్లల్ల దాసుకుంది" అన్నాడు. ఎవరికీ ఏమీ తెలియదు, ఊరికే అన్న మాట. నేను మాత్రం వినపడనట్టు టైపు కొడుతూ కూర్చున్నాను.

అది వానలు ఎగ్గొట్టిన ఏడు. ఎండాకాలం రాకముందే ఊళ్ల నుంచి అర్జీలు గంపలకొద్దీ వచ్చాయి. ఒకరోజు ఒక చెంచు అవ్వ వచ్చింది. అచ్చంపేట అవతల నల్లమల అంచున వాళ్ల గూడెం. చెంచుల గూడేన్ని అక్కడ పెంట అంటారు. నలభై గుడిసెలు. వాగులో తవ్వుకున్న చెలిమె ఎండిపోయింది, నీళ్ల కోసం కొండ దిగి ఎక్కాలి. అది మూడోసారి రావడమట. మొదటి రెండుసార్లు గేటు దగ్గరే తిప్పి పంపించారు. ఈసారి సాబ్ ఆమెను వరండాలో కూర్చోబెట్టి, అర్జీ తానే టైపు కొట్టి, ఆఫీసర్ దగ్గరికి తీసుకుపోయాడు.

మా ఆఫీసర్ నల్లగొండ దిక్కు మనిషి. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాడు, పళ్ల మీద ఆ గోధుమరంగు గార కనిపించేది. నీళ్ల విషయంలో ఆయనతో పరాచికాలు సాగేవి కావు. అర్జీ చదివి అక్కడికక్కడే మంజూరు రాశాడు. అప్పటికి లిస్టు దాదాపు పూర్తయింది కాబట్టి, పెంట పేరు ఆ మండలంలో ఆఖరి వరుసగా ఎక్కించాను.

అవ్వ గది గుమ్మంలో నిలబడి అడిగింది. "ఎక్కిందా బిడ్డా మా పేరు?"

"ఎక్కింది అవ్వా. ఇగో సూడు, గిదే మీ పెంట" అని తెర మీద వేలు పెట్టి చూపించాను.

"నాకు సదువు రాదు. నువ్వు సెప్పినవు గద, సాలు" అని దండం పెట్టి వెళ్లింది.

నాలుగు రోజులకు జడ్చర్లలో మా అమ్మకు జ్వరం ఎక్కువై దవాఖానలో చేర్చారు. పొద్దున్నే కబురొస్తే అట్నుంచి అటే బస్సెక్కాను. ఆ రోజే లిస్టు సంతకమై పైకి పోవాలి. ఆఖరి నిమిషంలో ఆఫీసర్ చిన్న మార్పు చెప్పాడట. మన పెంటకు సరిగ్గా పైవరుసలో ఉన్న ఊరికి ఒక బోరు కాదు, రెండు వేయాలని. నేను లేను. సాబ్‌ను కూర్చోబెట్టారు. మార్చిన కీల గురించి నేను ఒక్క ముక్క రాసి పెట్టలేదు. కావాలనే పెట్టలేదు.

ఆయన ఊరి పేరు వెతికి పట్టుకున్నాడు. ఒకటి తీసి రెండు వేశాడు. వరుస చివరికి పోదామని ఎండ్ కీ నొక్కాడు. నొక్కితే నేను పెట్టినట్టే మండలం చివరిదాకా, అంటే కింద ఉన్న ఆ ఒక్క వరుస, బ్లాక్ అయింది. ఆకుపచ్చ మీద ఎర్ర పట్టీ పడింది. ఆయనకు తెర ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. ముప్పై ఏళ్ల అలవాటుగా స్పేస్ బార్ రెండుసార్లు తట్టాడు.

పెంట పోయింది. కింది మండలం పైకి జరిగింది. ప్రింటులో నంబర్లు వాటంతటవే పడ్డాయి కాబట్టి మధ్యలో ఖాళీ కూడా లేదు. ఆఫీసర్ సంతకం పెట్టాడు, లిస్టు పైకి పోయింది.

మర్నాడు వచ్చి, "ఏం తిప్పలు కాలేదు గదా సాబ్?" అని అడిగాను. "ఏం కాలె, మంచిగనే అయింది" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం నిరాశ కలిగింది. ఏదో ఒక తిప్పలు పడి ఉంటాడని అనుకున్నాను. ఆ చిన్నబుద్ధికి తోడు బద్ధకం, ప్రింటును పాతదానితో పోల్చి చూడలేదు.

ఏప్రిల్‌లో రిగ్గు వచ్చింది, బోర్లు వేసే లారీ. జిల్లా అంతటికీ ఒకటే రిగ్గు, నెల రోజులే ఉంటుంది. చేతిలో ఉన్న లిస్టు ప్రకారం మండలం తర్వాత మండలం తిరిగింది. ఆఖరి రోజు పొద్దున అవ్వ ఆఫీసు మెట్లెక్కింది. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. మొదటి బస్సు పట్టుకుని వచ్చారట, కాళ్లు మోకాళ్లదాకా దుమ్ము. నేరుగా నా గదికి వచ్చింది.

"బోరు బండి మా తొవ్వ ముంగటికెల్లే పోయింది బిడ్డా. సేతులు ఊపినం, ఆగలె. ఉరికినం. ఎనక్కి తిరిగొచ్చేటప్పుడు అడ్డం నిలవడి ఆపినం. డ్రైవరు కాయితం సూపిచ్చి మీ పేరే లేదన్నడు. నువ్వు సూపిస్తివి గద, గిదే మీ పెంట అని?"

మొదటి ప్రింటు బీరువాలోంచి తీశాను, రెండోది పక్కన పెట్టాను. ఒకదాంట్లో వరుస ఉంది, రెండోదాంట్లో లేదు. ఎక్కడ పోయిందో చూడగానే ఎట్లా పోయిందో కూడా తెలిసిపోయింది.

ఆఫీసర్ అందరినీ తన గదికి పిలిచాడు. నేను, సాబ్, సూపరింటెండెంటు, గుమ్మంలో అటెండరు. అవ్వ బయట గోడకు ఆనుకుని కూర్చుంది, తలుపు తెరిచే ఉంది. ఆఫీసర్ బల్ల మీద రెండు ప్రింట్లు పెట్టుకుని ఉన్నాడు.

"రిగ్గు ఇయ్యాల సాయంత్రం దాక అచ్చంపేటల ఉంటది. చీకటి పడకముందే పక్క జిల్లాకు పోతది. మల్ల వచ్చుడు వచ్చే ఎండాకాలమే. సంతకమైన లిస్టుల లేని ఊరికి బోరెయ్యమని నేను ఊరికెనే చెప్తే పైవాళ్లు ఊకోరు. మంజూరైన పేరు టైపుల పోయిందని, ఎవరి చేతుల పోయిందో వాళ్లు రాసియ్యాలె. రాసిస్తే ఇప్పుడే చీటీ పంపిస్త. రాసిచ్చినోళ్ల మీద నేను చర్య తీస్కోవాలె, అది గూడ చెప్తున్న. లేకుంటే కొత్తగ ప్రపోజల్ పెట్టాలె, గా పెంటోళ్లు ఇంకో ఏడాది కొండ దిగాలె. ఎవరు కూసున్నరు ఆ రోజు మిషన్ మీద?"

ఆఫీసర్ నా వైపు చూశాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నన్ను అడగకముందే నోరు తెరిచాను. "ఆ రోజు నేను సెలవుల ఉన్న సార్" అన్నాను.

హాజరు రిజిస్టరు సాక్షి. ఆ మాటలో అబద్ధం అక్షరం కూడా లేదు. ఎండ్ కీని నేనే మార్చానని, తెరను నేనే అట్లా చేశానని, ఆయన కళ్ల సంగతి నాకు తెలుసని చెప్పలేదు. ఆయన రహస్యం బయటపడుతుంది కదా, ఒట్టేశాను కదా అని లోపల ఒక వంక దొరికింది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఎంత సిగ్గుమాలిన వంకో చూడండి, ఆయన్ని కాపాడుతున్నట్టే ఉంటుంది.

తల వంచుకుని బల్ల కోడు వైపే చూస్తున్నాను. బయటి నుంచి అవ్వ దగ్గు వినిపించింది.

"నా చేతుల పోయింది సార్" అన్నాడు సాబ్. "రాసిస్త."

ఆఫీసర్ కాగితాల మీంచి తల ఎత్తాడు. "సాబ్, మీకు ఇంకా నాలుగు నెలలే ఉంది. ఆలోచించి చెప్పుండ్రి."

"ఆలోచించేటిది ఏమున్నది సార్? చీటీ తయారు చెయ్యమనుండ్రి, నేను కాగితం తెస్త."

వరండాలో తన మిషను ముందు కూర్చున్నాడు. స్పేస్ బార్ రెండుసార్లు తట్టిన చప్పుడు గదిలోకి వినిపించింది. ఐదు నిమిషాల్లో తన తప్పును తానే టైపు కొట్టి, సంతకం చేసి తెచ్చాడు. ఎప్పటిలాగే ఒక్క దిద్దుబాటు లేదు. ఆఫీసర్ చీటీ రాసి జీపులో పంపించాడు. అవ్వను, ఆ ఇద్దరినీ అదే జీపులో ఎక్కించారు. ఎక్కేముందు అవ్వ సాబ్ చేతులు పట్టుకుంది, ఆ తర్వాత వచ్చి నా చేతులు కూడా పట్టుకుంది. నావి ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియాలి.

సాయంత్రానికి బోరు పడింది. నీళ్లు వచ్చాయని, పిల్లలు బురదలో దొర్లారని జీపు డ్రైవరు మర్నాడు చెప్పాడు. అప్పటికే నేను తెరను నీలానికి, పట్టీని తెలుపుకు, కీలను మొదటి పనికి మార్చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. సాబ్ మళ్లీ ఆ గదిలోకి రాలేదు, చూసే అవసరమే ఆయనకు పడలేదు.

ఆయనకు మెమో వచ్చింది. విచారణ తర్వాత మందలింపు అని సర్వీసు రిజిస్టర్‌లో రాశారు. అంతకన్నా పెద్ద శిక్ష వేయకుండా ఆఫీసరే అడ్డుపడ్డాడని విన్నాను. రిటైరైన రోజు పూలదండ వేశారు, నలుగురూ మాట్లాడారు. మామూలుగా అయితే "ఒక్క మరక లేని సర్వీసు" అని చెప్పాల్సినచోట సూపరింటెండెంటు కాస్త తడబడి, "మంచి మనిషి" అని సరిపెట్టాడు. సాబ్ తల కొంచెం వంచి విన్నాడు. నేను ఆఖరి వరుసలో కూర్చుని ఏడ్చాను. అందరూ గురువు మీద ప్రేమ అనుకున్నారు. ప్రేమ ఉంది, కానీ ఆ ఏడుపు ప్రేమది కాదు.

ఏడాదిన్నర అటు వెళ్లలేకపోయాను. ఆయన ఇల్లు ఆఫీసుకు పది నిమిషాల నడక. బజారులో దూరం నుంచి కనిపిస్తే పక్క సందులోకి తిరిగేదాన్ని. చివరికి ఒక శుక్రవారం, ఆయన నమాజు నుంచి వచ్చే వేళ చూసుకుని, ధైర్యం చేసి వెళ్లాను. ఆయన భార్య లోపలికి పిలిచి చాయ్ పెట్టడానికి పోయింది. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. కీలు, రంగులు, నా కుర్చీ భయం, ఎరుపు దగ్గర నా చెయ్యి ఎందుకు ఆగిందో, అన్నీ.

ఆయన అంతా విని, "కూసో" అన్నాడు. "నాకు తెల్సు."

"ఎప్పటిసంది సాబ్?"

"మీ హైదరబాద్ ఇంజనీర్ చెప్పిండు. పట్టీ ఎందుకు కనవడ్తలేదు అని అడిగిన. మేడం ఎరుపు పెట్టిండ్రు, నేను వద్దన్న గూడ, అన్నడు. గప్పుడే సమజైంది. ఎండ్ కీ సంగతి మాత్రం తెల్వకుండె. గా దినం రెండు కాగితాలు పక్కపక్కన సూసినంక అదీ సమజైంది."

అంటే ఆఫీసర్ గదిలో నా పక్కన నిలబడేనాటికి ఆయనకు అన్నీ తెలుసు.

"మీకు గుస్స రాలేదా?"

"వచ్చింది. ఎందుకు రాదు? ఏడాది దాక నీ పేరు ఇంట్ల తీయనియ్యలె." ఆయన గొంతులో మెత్తదనం ఏమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇప్పుడు లేదు."

"మరి గా దినం నా పేరు ఎందుకు చెప్పలేదు సాబ్? మీ సర్వీసు మీద మరక పడకపోతుండె."

ఆయన నా వైపు తిరిగాడు.

"నేను చెప్తే నువ్వు కాదంటవు. నేను అవునంట. సూపరింటెండెంటు మల్ల ఎంక్వైరీ అంటడు. మాపటికి రిగ్గు పోతుండె. నువ్వే చెప్తవేమోనని జరసేపు సూసిన బేటీ, నీ దిక్కే సూసిన. నువ్వు తల ఎత్తలె. నీకు ధైర్యమొచ్చేదాక ఆగేటందుకు గా పెంటల నీళ్లు లేకుండె."